కొండల్ కారు కింద నూనె

14 సెప్టెంబర్ 2011, బుధవారం

సెల్లార్‌లో మళ్లీ నూనె. ఈసారి అన్నం కంచమంత. నల్లగా, జిగురుగా, మధ్యలో ఎవరో పారేసిన బీడీ ముక్క. పైకి వచ్చి ఉప్మా ముందు కూర్చుంటే ఒక్క ముద్ద దిగలేదు.

వాచ్‌మన్ సైదులును పిలిచి అడిగాను.

"నిన్న పొద్దుగాల్నే సర్ఫేసి కడిగిన సార్. మల్ల ఒచ్చింది" అన్నాడు.

"నూనె దానంతటది నడిచొస్తుందా?"

"ఏమో సార్, నాకేం ఎరుక" అని చీపురు పట్టుకుని పోయాడు.

మరక ఉన్నది 101లో అద్దెకుండే కొండల్ స్థలంలో. అతని పాత ఫియట్ కింద, వాన నీళ్లు పోయే జాలీ పక్కనే. ఆ ఫియట్‌కు నా పెళ్లికన్నా ఎక్కువ వయసు. అసలు రంగేమిటో దాని యజమానికే గుర్తున్నట్టు లేదు. ఇంకేం విచారణ కావాలి? అయినా పాతికేళ్లుగా ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. రుజువు లేకుండా ఒకరిని అనడం నా స్వభావం కాదు.

నిన్నటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. మా కోచింగ్ కాలేజీకి తాళం వేశారు. ఇంటర్ పిల్లలకు ద్రవాల పాఠం సగంలో ఆగిపోయింది. ఇంట్లో కూర్చుంటే టీవీ, టీవీలో అరుపులు. అటువాళ్లు అరుస్తారు, ఇటువాళ్లు అరుస్తారు, మధ్యలో టై కట్టుకున్నవాడు ఇద్దరికన్నా ఎక్కువ అరుస్తాడు. రోత పుడుతోంది. నా భార్య సూర్యప్రభ మాత్రం కళ్లార్పకుండా చూస్తోంది.

సెల్లార్ సంగతి ఇకపై తేదీలతో రాసుకుంటాను. అసోసియేషన్ సెక్రటరీని. ఎవరైనా అడిగితే చెప్పగలగాలి.

18 సెప్టెంబర్, ఆదివారం

నా జెన్ కారు కడిగి, టైర్లలో గాలి చూసి, ఆయిల్ చూశాను. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీస్తే నూనె కింది గీతకు కూడా తగలడం లేదు. ప్రతి ఆదివారం ఇదే వరస. ప్రతి ఆదివారం డబ్బా తీసి పోస్తున్నాను. పన్నెండేళ్ల బండి, తాగుతుంది మరి. కారును ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లు ఈ అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు లేరు.

ఆగస్టులో సెక్రటరీ అయినప్పటి నుంచి ర్యాంపు దిగగానే ఉన్న స్థలంలో పెడుతున్నాను. పాత స్థలం స్తంభానికి ఆనుకుని ఇరుకుగా ఉండేది. ఇక్కడ వెనక్కి పెట్టి ముందు చక్రాలు ర్యాంపు అంచు మీదికి ఎక్కిస్తే, పొద్దున ఒక్క ఊపులో బయటపడొచ్చు. ఎవరూ కాదనలేదు. సెక్రటరీకి ఆ మాత్రం సౌకర్యం ఉండాలి.

నూనె: అరచేయంత. కొండల్ ఫియట్ కింద.

20 సెప్టెంబర్, మంగళవారం

కొండల్‌తో మాట్లాడాను. ప్రభుత్వాఫీసులో గుమాస్తా, ఇప్పుడు సమ్మెలో ఉన్నాడు. పొద్దున పదింటికల్లా ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద బైఠాయింపు, సాయంత్రం మెడలో గులాబీ కండువాతో తిరిగి రావడం. నల్గొండ, ఖమ్మం బస్సులన్నీ ఆగే చోటు అది. అక్కడ కూర్చుంటే ఊరు ఊరంతా ఆగుతుంది. ఆగిందని వీళ్లకు సంతోషం.

"మీ బండి నూనె కారుస్తోంది కొండల్. సెల్లారంతా పాడవుతోంది" అన్నాను.

"నేను గూడ సూసిన సార్. కని నా బండిల ఆయిల్ ఏం తగ్గుతలేదు. నెల కింద ఎంతున్నదో గంతే ఉన్నది."

"మరి కింద ఉన్నదేమిటి?"

"గదే సమజైతలేదు" అన్నాడు. "మెకానిక్‌కు సూపిద్దామంటె దుకాణాలన్నీ బంద్. జర ఓపిక పట్టండి సార్."

బంద్ చేసేదీ వాళ్లే, దుకాణాలు లేవనేదీ వాళ్లే. ఈ మాట పైకి అనలేదు. నాకు ప్రాంతీయ భేదాలు లేవు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లయింది, ఏనాడూ ఎవరినీ ఆ దృష్టితో చూడలేదు. నేను మాట్లాడేది నూనె గురించి.

22 సెప్టెంబర్, గురువారం

ప్రయోగం. రాత్రి కొండల్ ఫియట్ కింద టీవీ డబ్బా అట్టను పరిచాను. పొద్దున తీశాను.

ఫలితం: అట్ట అడుగంతా నూనెలో నాని ముద్దయింది. పైభాగంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. పైన పడింది పడినట్టు పీల్చేసి కిందికి దిగి ఉంటుంది.

రుజువైంది. అట్ట పట్టుకుని చెత్తకుండీ దాకా వెళ్లేసరికి చేతులకు, లుంగీకి నల్లటి జిడ్డు. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా వాసన పోలేదు. మధ్యాహ్నం పెరుగన్నంలో కూడా అదే వాసన.

27 సెప్టెంబర్, మంగళవారం

వాన. ర్యాంపు మీంచి నీళ్లు కాలవలా దిగాయి. నూనె రెట్టింపైంది. చలికి ఫియట్ రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి ఉంటాయి.

2 అక్టోబర్, ఆదివారం

జెన్‌లో మళ్లీ ఆయిల్ పోశాను. ఈసారి అర లీటరు. అయినా డిప్‌స్టిక్ చివర తడి మాత్రమే.

4 అక్టోబర్, మంగళవారం

ఇవాళ జరిగింది ఎవరూ మర్చిపోరు.

సద్దుల బతుకమ్మ. కొండల్ భార్య స్వరూపరాణి మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. మలక్‌పేట దవాఖానలో నర్సు. బస్సులు లేవని ఈ మూడు వారాలూ డ్యూటీకి నడిచే పోతోంది. "వాన పడేటట్టున్నది సార్. రోడ్డు మీద ఆడలేం. సెల్లార్ల జర జాగ ఇస్తరా, గంటసేపు" అంది. ఇచ్చాను. ఇవ్వనంటే ఏమవుతుందో తెలుసు కదా, ఈ రోజుల్లో. కార్లన్నీ బయట పెట్టించాను. సైదులు బండలు కడిగాడు. నా జెన్ మాత్రం ర్యాంపు కిందే ఉంచాను, అది ఎవరికీ అడ్డం కాదు.

పక్క వీధుల ఆడవాళ్లు కూడా వచ్చారు. మధ్యలో తంగేడు పూల బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు. సూర్యప్రభ చీర మార్చుకుని వెళ్లి వాళ్లలో కలిసింది. నేను మెట్ల మీద నిలబడి చూశాను. బాగానే ఉంది. నిజం చెప్పాలంటే బాగుంది. ఇంతలో వాన మొదలై ర్యాంపు మీంచి నీళ్లు లోపలికి దిగాయి.

మూడో అంతస్తు ఉదయలక్ష్మి గారు ఆడటానికి రాలేదు, చూడటానికి వచ్చారు. అరవై నాలుగేళ్ల మనిషి. జాలీ దగ్గర కాలు జారింది. కుడి చెయ్యి మీద పడ్డారు. పాట ఆగిపోయింది. స్వరూపరాణి ఒక్క అంగలో వచ్చి ఆవిడ చెయ్యి కదలకుండా అట్టముక్కతో, చున్నీతో కట్టింది. మణికట్టు విరిగిందని అక్కడే చెప్పింది. ఎక్స్‌రేలోనూ అదే తేలింది.

ఉదయలక్ష్మి గారి చీర కొంగు నిండా నల్లటి నూనె. "ఎవరిదండీ ఈ దరిద్రం, ఎవరిదీ?" అని ఆవిడ ఏడుస్తూ అడుగుతున్నారు. అందరూ కొండల్ వైపు చూశారు.

నేను కూడా చూశాను. నాకంటే ముందు చూసినవాళ్లున్నారు.

5 అక్టోబర్, బుధవారం

మీటింగ్. పన్నెండు ఫ్లాట్లలో తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిదిలో ఏడుగురు మన వైపు వాళ్లు. ఇది లెక్క కోసం రాస్తున్నాను, ఇంకేం కాదు.

నేను అట్ట ప్రయోగం సంగతి తేదీతో సహా చెప్పాను. ఎవరూ ప్రశ్న అడగలేదు. ఫియట్ బాగు చేయించేదాకా సెల్లార్‌లో పెట్టకూడదని తీర్మానం. వెనక నుంచి ఎవరో "కారు బయటికి పంపడం కాదు, అసలు మనిషినే పంపాలి. రేపు రాష్ట్రం వస్తే మనల్ని పంపేది వీళ్లేగా" అన్నారు. ఆ మాట తప్పని నేను ఖండించాలనుకున్నాను. ఇంతలో ఇంకెవరో నీళ్ల ట్యాంకర్ విషయం ఎత్తారు.

కొండల్ గొడవ పడతాడనుకున్నాను. "సరే సార్, బయట పెట్టుకుంట. ఆ పెద్దమ్మ చెయ్యి నయమైతే చాలు" అన్నాడు. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండింది. అరిచి ఉంటే బాగుండేది.

6 అక్టోబర్, దసరా

సాయంత్రం కొండల్ మా ఇంటికి జమ్మి ఆకు తెచ్చాడు. నిన్ననే అతని కారును బయటికి పంపినవాళ్లం. ఆ ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కోండి సార్" అని వంగి కాళ్లకు దండం పెట్టాడు. వాళ్లలో ఇది ఆనవాయితీ. దసరా నాడు చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఇవ్వాలి, ఎన్ని తగాదాలున్నా ఇవ్వాలి. సూర్యప్రభ అతనికి పులిహోర పెట్టింది.

తింటూ తింటూ "సార్, ఒక మాట చెప్పాల్నని..." అన్నాడు.

"చెప్పండి."

టీవీలో ఎవరో నాయకుడు ఆంధ్రావాళ్ల గురించి అరుస్తున్నాడు. కొండల్ టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఏం లేదు తియ్యండి. మల్ల చెప్త" అని ప్లేటు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

మా ఇంట్లో ప్లేటు కడగడమేమిటి, అతిథి? అదొక చిరాకు.

7 అక్టోబర్, శుక్రవారం

ఫియట్ వీధిలో ఉంది, బంతిపూల దండతో. దాని స్థలంలో మళ్లీ నూనె. సైదులు నన్ను పిలిచి చూపించాడు.

షాబాద్ బండలు. నెలల తరబడి పీల్చుకున్నది ఇప్పుడు కక్కుతున్నాయి. అదే చెప్పాను.

9 అక్టోబర్, ఆదివారం

జెన్ నీలం పొగ వదులుతోందని ఎల్బీ నగర్ వెళ్లాను.

తర్వాత రాస్తాను.

10 అక్టోబర్, సోమవారం

రాస్తాను. ఎవరూ చదవరు.

ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డు మీద లచ్చయ్య షెడ్డు. బంద్ కాబట్టి షట్టరు సగం దించి లోపల పని చేస్తున్నాడు. పొగ సంగతి చెప్పాను. అతను బానెట్ ఎత్తాడు. ఇంజన్ కింది సగమంతా నూనె, దాని మీద మట్టి పేరుకుని గడ్డ కట్టి ఉంది. నేను పైపైన కడుగుతాను, కింద ఎప్పుడూ చూడలేదు. చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. లచ్చయ్య మాత్రం ఏమీ పట్టనట్టు వేలితో గీకి చూశాడు.

డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. పై గీత దాటి బొటనవేలంత మేర నూనె.

"గీ ఇంజన్ల ఇంత ఆయిల్ ఎవలు పోసిండ్రు సార్?"

"నేనే. తగ్గుతోంది కదా అని."

"తగ్గలే సార్. లీటరున్నర ఎక్కువున్నది." మళ్లీ తుడిచి చూపించాడు. "మీరు ఆయిల్ ఎక్కడ నిలవెట్టి సూస్తరు?"

"సెల్లార్‌లో. నా స్థలంలో."

"గా జాగ సమానంగ ఉంటదా, వాలుంటదా?"

ముందు చక్రాలు ర్యాంపు మీద. ముక్కు పైకి. నూనె అంతా వెనక్కి పోతుంది, ముందున్న పుల్లకు తగలదు. ద్రవం తన మట్టం తాను చూసుకుంటుందని పాతికేళ్లుగా బల్ల గుద్ది చెప్తున్నవాణ్ణి. ఆ పాఠం సగంలో ఆగిపోయిందని బాధపడిన మనిషిని. తొమ్మిది వారాల పాటు వాలు మీద నిలబెట్టి కొలిచాను, తక్కువుందని పోశాను, మళ్లీ కొలిచాను, మళ్లీ పోశాను.

లచ్చయ్య ఇంజన్ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. ఇంజన్ తెల్లగా బూడిద పూసుకున్నట్టయింది. స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు వదిలేశాం. పై మూత వెనక అంచు నుంచి ఒక నల్లటి గీత మొదలైంది. మెల్లగా కిందికి దిగింది. చివరికి వచ్చి బొట్టు కట్టి రాలింది. ఒకటి. ఇంకొకటి.

"నూనె ఎక్కువైతె లోపల ఆవిరి పట్టదు సార్. గది బయటికి తోస్తది. పాత ప్యాకింగ్ కద, ఆగలే" అన్నాడు. మూత కింది ఆ రబ్బరు ప్యాకింగ్ మార్చాలి, కానీ విడిభాగాల దుకాణాలు మూసి ఉన్నాయి. ఎక్కువున్న ఆయిల్ దించేశాడు. "సమ్మె అయినంక రండి, మారుస్త. గప్పటిదాంక ఇంకొంచెం కారుతనే ఉంటది. కింద తట్ట పెట్టుకోండి."

ఇంటికి వచ్చి ర్యాంపు కింద నిలబడి చూశాను. నా స్థలం నుంచి బండల మధ్య సందు ఒకటి నేరుగా జాలీ దాకా, అంటే కొండల్ స్థలం దాకా పోతోంది. వాన నీళ్లు ఆ దారినే పోతాయి. సైదులు పోసే నీళ్లూ ఆ దారినే. నూనె నడిచే వస్తోంది.

అట్ట అడుగే ఎందుకు తడిసిందో కూడా అర్థమైంది. అది ఆ రోజే అర్థం కావలసింది. ఆ రోజే అర్థమైందా? లేదు. కాలేదు. కాలేదనే అనుకుంటున్నాను.

వంటింట్లోంచి పాత అల్యూమినియం తట్ట తెచ్చి జెన్ కింద పెట్టాను. సూర్యప్రభ తట్ట ఏదని అడిగితే తెలీదన్నాను.

రేపు మీటింగ్ పెట్టి చెప్పేస్తాను.

11 అక్టోబర్, మంగళవారం

మీటింగ్ పెట్టలేదు. ఉదయలక్ష్మి గారికి ఇవాళ కట్టు మార్చారు. ఇప్పుడు ఆ విషయం ఎత్తడం బాగుండదు.

సెల్లార్‌లో నూనె లేదు.

12 అక్టోబర్, బుధవారం

నూనె లేదు. మెట్ల మీద రెండో అంతస్తాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "చూశారా సెక్రటరీ గారూ, ఫియట్ పోయింది, నూనె పోయింది. మీ పద్ధతే వేరు."

పద్ధతి. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే కిందికి దిగి, తట్టలో నూనె సీసాలో పోసుకుని, తట్ట తుడిచి మళ్లీ పెట్టి వస్తున్నాను. దొంగకు కూడా ఇంత పద్ధతి ఉండదు. ఆ సీసా చెప్పుల స్టాండు వెనక దాచాను.

15 అక్టోబర్, శనివారం

101 యజమాని వెంకట్రావు గారు విజయవాడ నుంచి ఫోన్ చేశారు. ఫ్లాటు కొని వదిలేసిన మనిషి, ఇటు రారు. ఎవరో ఈ సంగతి ఆయన చెవిన వేశారు.

"ఏవండీ ఉపేంద్ర గారూ, మా వాడు అక్కడ నూనె పోసి జనాన్ని పడేస్తున్నాడటగా?"

"పోయడం కాదండీ. పాత కారు..."

"పాతో కొత్తో. నాకు భయంగా ఉంది. రేపు ఏ గొడవో అయితే ఖాళీ చేయనంటాడు, వాళ్ల మనుషులొచ్చి కూర్చుంటారు. ఇప్పుడైతే కారణం ఉంది. మీరు పెద్దమనిషి, చదువుకున్నవాళ్లు. ఒక్క మాట చెప్పండి. తప్పు వాడిదేనా?"

లైన్ కట్టయిందేమోనని ఆయన హలో హలో అన్నారు.

"అందరూ అతనిదే అంటున్నారండీ" అన్నాను.

"అంతే చాలు" అన్నారు వెంకట్రావు గారు.

16 అక్టోబర్, ఆదివారం

నేను అబద్ధం చెప్పలేదు. అందరూ అతనిదే అంటున్నారన్నాను. అంటున్నారు కదా.

17 అక్టోబర్, సోమవారం

అంటున్నారు. కానీ అనిపించింది ఎవరు?

19 అక్టోబర్, బుధవారం

నెలాఖరుకు ఖాళీ చేయమని కొండల్‌కు చెప్పారట. స్వరూపరాణి మా ఇంటికి వచ్చి సూర్యప్రభ దగ్గర కూర్చుంది. నేను పడకగదిలో పేపరు పట్టుకుని వింటున్నాను.

"సమ్మెల ఉన్నోనికి ఇల్లు ఎవలిస్తరు అక్కా? జీతమెప్పుడొస్తదని అడుగుతుండ్రు. బడంగ్‌పేటల మా అన్న ఇంటి మీద ఒక్క రూమున్నది, గంతే. ఈడికెల్లి దవాఖానకు నడిసి పోయొస్తున్న. ఆడికెల్లి నైట్ డ్యూటీ ఎట్ల జేయాలె? పిల్ల ఈడ టెన్త్ సదువుతుంది."

"మీ వారు మెకానిక్‌కు చూపించారా?" అంది సూర్యప్రభ.

"సూపెట్టిండు. బండిల ఏం లేదన్నడట. ఓనర్‌కు చెప్తె వింటలేడు. సెక్రటరీ సారే చెప్పిండంటుండు."

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడు. స్వరూపరాణి వెళ్లాక సూర్యప్రభ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీరేం చెప్పారు వెంకట్రావు గారికి?"

"ఉన్నదే చెప్పాను."

పేపరు తిరగేసి పట్టుకున్నానని ఆవిడ వెళ్లాక చూసుకున్నాను.

24 అక్టోబర్, సోమవారం

సమ్మె ఆగింది. వీధిలో టపాకాయలు, అవి సమ్మె ఆగినందుకో దీపావళి వస్తున్నందుకో తెలియదు. కాలేజీ తెరుస్తారు. లచ్చయ్యకు ఫోన్ చేశాను, ప్యాకింగ్ దొరుకుతుందన్నాడు.

వెంకట్రావు గారికి ఫోన్ చేయాలని రెండుసార్లు నంబరు నొక్కాను. ఏమని చెప్పాలి? మొన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. నా పరువు సంగతి వేరు, ఇలాంటి సమయంలో మనలో మనమే ఇలా బయటపడితే... ఈ వాక్యం పూర్తి చేయలేను. చదువుకుంటుంటే టీవీలో అరిచేవాడి మాటలా ఉంది.

26 అక్టోబర్, దీపావళి

101లో దీపాలు పెట్టారు. సామాన్లు సర్దిన పెట్టెల మధ్య.

29 అక్టోబర్, శనివారం

ప్యాకింగ్ మార్పించాను. లచ్చయ్య మళ్లీ పౌడరు చల్లి అరగంట నడిపి చూపించాడు. ఇంజన్ ఒంటి మీద ఒక్క గీత లేదు. "ఇగ ఫికర్ లేదు సార్. ఎవలన్న మిమ్మల్ని అడిగితె ఒక్క బొట్టు కారదని చెప్పుండ్రి" అన్నాడు.

ఎవరూ అడగరు.

30 అక్టోబర్, ఆదివారం

కొండల్ వాళ్లు వెళ్లిపోయారు.

పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. బీరువా, మంచాలు, కూలర్, గ్యాస్ స్టవ్వు. సూర్యప్రభ కిందికి దిగి గిన్నెలు అందిస్తోంది. నేను బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డాను. నిలబడలేక దిగాను. ఏదో ఒకటి మోస్తే బాగుంటుందని సెల్లార్‌లో ఉన్న పాత కుర్చీలు తీసుకురావడానికి వెళ్లాను. కొండల్ అక్కడే ఉన్నాడు, ఒక్కడే. తన స్థలం చూసుకుంటున్నాడు. శుభ్రంగా ఉంది.

"ఏమన్నా మర్చిపోయారా?" అన్నాను.

"లేదు సార్. ఊకెనే." వంగి బండ మీద వేలు రాసి అన్నాడు: "ఎండింది కద. ప్యాకింగ్ మార్పిచ్చిండ్రా?"

కుర్చీ చేతిలోనే ఉంది.

"మీకెలా తెలుసు?"

"బతుకమ్మ నాడు రాత్రి లైటు వట్టుకొని సూసిన సార్. ఈ బండల సందు వట్టుకొని పోతె మీ బండి కాడికే పోయింది."

"మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్త సార్? బయట గింత లొల్లి నడుస్తున్నది. ఆంధ్ర సారు కారు మీద తెలంగాణోడు పడ్డడంటరు. నూనె పోయి ఇంకేందో అయితది." అతను నన్ను చూడలేదు, బండల వైపే చూస్తున్నాడు. "దసరా నాడు మీ ఇంట్ల చెప్దామనుకున్న. నోరు రాలే. మీరు సదువుకున్నోళ్లు, మీకే తెలుస్తది, మీరే చెప్తరనుకున్న."

నేను కుర్చీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"తట్ట గూడ సూసిన సార్. రోజు పొద్దుగాల మీరు దిగేది సైదులు చెప్పిండు. గప్పుడు గూడ చెప్తరనే అనుకున్న" అన్నాడు.

నా చేతిలోంచి కుర్చీ తీసుకుని ర్యాంపు ఎక్కాడు. కోపంగా లాక్కోలేదు. మామూలుగా, బరువు మోస్తున్న పెద్దాయన చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకున్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి నేను నిద్రపోయేవాణ్ణి.

2 నవంబర్, బుధవారం

కాలేజీ. ద్రవాల పాఠం తోటి లెక్చరర్ సీతారాములు గారికి అప్పగించి నేను కాంతి మొదలుపెట్టాను. ఆయన ఎందుకని అడిగితే గొంతు బాగా లేదన్నాను. గొంతుకూ ద్రవాలకూ ఏం సంబంధమని ఆయన అడగలేదు.

6 నవంబర్, ఆదివారం

మీటింగ్. సెల్లార్‌లోనే, కుర్చీలు వేసి. ఉదయలక్ష్మి గారు కూడా వచ్చారు, కట్టుతో. బండలు అద్దంలా ఉన్నాయి. నెల రోజులుగా చుక్క నూనె లేదని సెక్రటరీకి అభినందనలు తెలపాలని రెండో అంతస్తాయన ప్రతిపాదించాడు. చప్పట్లు. ఉదయలక్ష్మి గారు ఎడమ చేత్తో కుర్చీ మీద కొట్టారు.

"ఇంకో ఏడాది మీరే ఉండాలండీ. నిక్కచ్చి మనిషి. రుజువుతో సహా పట్టుకున్నారు" అన్నారు ఎవరో.

లేచాను. అలా లేస్తానని నాకే తెలియదు.

"ఆ నూనె కొండల్‌ది కాదు" అన్నాను. "నాది. నా జెన్‌ది. నేను ర్యాంపు మీద పెట్టి ఆయిల్ కొలిచి ఎక్కువ పోశాను. అది కారి సందులోంచి అతని స్థలంలోకి పోయింది. అక్టోబర్ తొమ్మిదినే నాకు తెలుసు. చెప్పలేదు."

సూర్యప్రభ తలెత్తి నన్ను సూటిగా చూసింది.

తర్వాత రెండో అంతస్తాయన నవ్వాడు. "ఊరుకోండి సార్. వెళ్లిపోయినవాడి మీద మీకు జాలి. అది మీ మంచితనం. అంత పెద్ద ఫిజిక్స్ సారు వాలు మీద ఆయిల్ కొలుస్తారా, ఎవరికి చెప్తారండీ?"

అందరూ నవ్వారు. ఉదయలక్ష్మి గారు కూడా నవ్వారు, కట్టు పట్టుకుని. "మనవాళ్లలో ఇదే బలహీనత. అన్నీ మన నెత్తినే వేసుకుంటాం" అన్నారు. మళ్లీ చప్పట్లు. టీలు వచ్చాయి. మూలన గ్లాసులు పట్టుకున్న సైదులు ఒక్కడే నవ్వలేదు.

నేను నిజమని ఇంకోసారి చెప్పొచ్చు. ఇంటికి వచ్చి ఆ సీసా తీసి అందరి ముందు పెట్టొచ్చు. లచ్చయ్యను పిలిపించొచ్చు. అక్కడే నిలబడి వెంకట్రావు గారికి ఫోన్ చేయొచ్చు, 101 ఇంకా ఖాళీగానే ఉంది. ఇవేవీ చేయలేదు. టీ గ్లాసు అందుకున్నాను. వాళ్లతో పాటు నవ్వాను.

ఇంటికి వచ్చాక సూర్యప్రభ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. అక్కడి నుంచే అడిగింది.

"మీరు చెప్పింది నిజమే కదా?"

"నిజమే."

"మరి ఎందుకు నవ్వారు?"

టీలో చక్కెర ఎక్కువైందనో ఏదో అన్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు, భోజనం వడ్డించి వెళ్లి పడుకుంది.

ఎందుకంటే, వాళ్లు నమ్మనందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. అది ఆవిడకు చెప్పలేదు.